ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టొద్దు

(అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మిన్నియాపొలిస్ శివారున ఒక ఇంటి గరాజ్‌లో, మోటార్ సైకిళ్లు నడిపే తెలుగువాళ్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి. గరాజ్ తలుపు తీసే ఉంచుతాను, చలి వేస్తే జాకెట్లు తొడుక్కోండి. తలుపు ఎందుకు తీసి ఉంచానో మధ్యలో చెబుతాను, అది చాలా ముఖ్యమైన సంగతి.

మీలో చాలామందికి బండితో ఇదే మొదటి చలికాలం. మే నెలలోనో జూన్‌లోనో కొనుక్కున్నారు, వేసవంతా సరస్సుల చుట్టూ తిరిగారు. ఇప్పుడు ఆకులు రాలిపోతున్నాయి, బండిని ఏం చెయ్యాలో తెలియక టెన్షన్ పడుతున్నారు. మన ఊళ్లో బండికి చలికాలం అంటూ విడిగా ఏమీ లేదు. సంక్రాంతి ముందు తెల్లవారుజామున మంచు కురిస్తే చోక్ లాగి నాలుగు కిక్కులు ఎక్కువ కొడతాం, అంతే. ఇక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, దాదాపు అయిదు నెలలు బండి కదలదు. 2019 జనవరి చివర్లో ఈ ఊళ్లోనే మైనస్ 33 డిగ్రీలకు పడిపోయింది. ఉత్తరాన టవర్ అని చిన్న ఊరుంది. అక్కడ 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 నమోదైంది. ఈ రాష్ట్రంలో ఇప్పటివరకు అంతకంటే తక్కువ నమోదు కాలేదు. ఆ చలిలో ఇనుము, రబ్బరు, పెట్రోలు, యాసిడ్, వీటిలో ఏదీ మనకు తెలిసినట్టు ఉండదు.

నా మొదటి చలికాలం సంగతి చెబుతాను. మా నాన్నగారికి ఊళ్లో స్కూటర్ ఉండేది. సెలవుల్లో మేం అమ్మమ్మగారింటికి వెళ్తే, పక్కింటి కుర్రాడితో వారానికోసారి దాన్ని స్టార్ట్ చేయించి కాసేపు ఉంచమనేవారు. నేనిక్కడ బండి కొన్నాక ఫోన్‌లో ఆయన అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. "వారానికోసారన్నా స్టార్ట్ చేస్తున్నావా నాన్నా?" చేశాను. డిసెంబరు నుంచి మార్చి దాకా ప్రతి ఆదివారం, పది నిమిషాలు. ఇంజన్ చప్పుడు వింటే మనసుకు హాయిగా ఉండేది, బండి బతికే ఉందనిపించేది. ఏప్రిల్‌లో మొదటిసారి ఎండ కాసిన రోజు బయటికి తీద్దామని చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది. సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి, వేలితో నొక్కితే రేకు లోపలికి పోయింది. ఇంజన్ ఆయిల్ పోసే మూత విప్పితే దాని లోపల మజ్జిగ మీద తేలే వెన్నలాంటి తెల్లటి జిడ్డు. ఏమీ పట్టించుకోకుండా వదిలేసినా ఇంత నష్టం జరిగేది కాదు. ఎంతో ప్రేమగా చేసిన పనే బండిని పాడు చేసింది.

ఎందుకలా జరిగిందో అర్థం చేసుకుంటే ఈ రోజు చెప్పేవన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. పెట్రోలు మండితే పొగ ఒక్కటే రాదు, నీళ్లు కూడా పుడతాయి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు ఒక లీటరు నీళ్లు ఆవిరి రూపంలో బయటికొస్తాయి. బండి రోడ్డు మీద అరగంట నడిస్తే ఇంజన్, సైలెన్సర్ బాగా కాలి ఆ ఆవిరంతా బయటికి పోతుంది. చలి గరాజ్‌లో పది నిమిషాలు నిలబెట్టి తిప్పితే ఏమవుతుంది? ఇంజన్ పైపైన వేడెక్కుతుంది కానీ ఆయిల్ కాగదు, సైలెన్సర్ చివరి భాగం చల్లగానే ఉంటుంది. ఆవిరి అక్కడే నీళ్లుగా మారి నిలబడిపోతుంది. కొంత ఆయిల్లో కలుస్తుంది. నేను చూసిన వెన్న అదే. పైగా సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ నుంచి ఖర్చయిన కరెంటు నిలబెట్టి పది నిమిషాలు తిప్పినంత మాత్రాన తిరిగి రాదు. వారం వారం కాస్త కాస్త తరిగిపోతూ వస్తుంది.

ఆవకాయ పెట్టడం మీలో చాలామంది మీ ఇళ్లలో చూసే ఉంటారు. మా అమ్మ జాడీని కడిగి ఎండలో పెట్టి చుక్క తడి లేకుండా చేస్తుంది. మూడో రోజు తిరగకలిపి, ముక్కల పైన నూనె తేలేలా పోస్తుంది, ఎందుకంటే నూనె తగ్గి ముక్క గాలికి తేలితే బూజు పడుతుంది. తర్వాత శుభ్రమైన గుడ్డతో వాసెన కడుతుంది. ఆ తర్వాత ఆ జాడీ జోలికి ఎవరూ వెళ్లకూడదు. రుచి చూద్దామని ఎవరైనా తడి చెయ్యి పెట్టారా, ఏడాది కష్టం పోయినట్టే. చలికాలానికి బండిని దాచడం కూడా అచ్చం అంతే. శుభ్రంగా, పొడిగా చెయ్యాలి, గాలి చేరే ఖాళీ మిగల్చకూడదు, గుడ్డ కప్పాలి, ఇక ముట్టుకోకూడదు. వారం వారం స్టార్ట్ చెయ్యడమంటే జాడీలో తడి చెయ్యి పెట్టడమే.

ఇక పనిలోకి వద్దాం. ముందుగా పెట్రోలు, ఎందుకంటే నేను చూసినంతలో వసంతంలో బండి కదలకపోవడానికి బ్యాటరీ తర్వాత కారణం ఇదే.

ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 10 శాతం ఇథనాల్, అంటే ఒక రకం ఆల్కహాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీటిని కలుపుకుని ఉంటుంది, అది దాటితే ఇథనాల్, నీరు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. మామూలు ఉష్ణోగ్రతలో అర శాతం నీరు చేరితే చాలు, విడిపోవడానికి. చలి పెరిగే కొద్దీ ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. పెట్రోలు తీసుకునే గొట్టం ఉండేదీ ట్యాంకు అడుగునే. వసంతంలో మీరు సెల్ఫ్ కొడితే ఇంజన్‌కు మొదట అందేది ఆ నీళ్ల పొరే. ఇది కాక, నిలవ పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలినది నెమ్మదిగా బంకలా మారుతుంది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బ్యురేటర్‌లో జెట్ల రంధ్రాలు సూది మొన కంటే పెద్దవి కావు. ఆ బంక అక్కడ పట్టిందంటే విప్పి కడగడం తప్ప దారి లేదు.

మిన్నెసోటాలో మనకొక అదృష్టం ఉంది. చాలా బంకుల్లో నాన్-ఆక్సిజనేటెడ్ అని రాసిన 91 ఆక్టేన్ పంపు ఒకటి విడిగా ఉంటుంది. అందులో ఇథనాల్ ఉండదు. పడవలు, స్నోమొబైల్స్, పాత కార్లు, చిన్న ఇంజన్లు, మోటార్ సైకిళ్లకు మాత్రమే అని దాని మీద స్టిక్కర్ ఉంటుంది. అంటే మన బండికి హక్కుగా పోయించుకోవచ్చు. కారుకు పోసుకోకూడదు, అది గుర్తుంచుకోండి. ధర ఎక్కువే. ఏడాది పొడుగునా పోయక్కర్లేదు, ఈ ఒక్క ట్యాంకు మాత్రం అదే పోయించండి. చివరి రైడ్ ఆ బంకు నుంచి ఇంటికి వచ్చేదై ఉంటే ఇంకా మంచిది.

ట్యాంకు నిండా పోయించాలి. ఖాళీ ట్యాంకులో గాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, రాత్రీ పగలూ వేడి మారినప్పుడల్లా ఆ తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి ఇనుము తుప్పు పడుతుంది. జాడీలో ముక్క మునిగేలా నూనె పోసినట్టే. అయితే మూత దాకా కాకుండా, పెట్రోలు వ్యాకోచించడానికి పైన కొద్దిగా చోటు వదలండి. పోయించే ముందే ఫ్యుయల్ స్టెబిలైజర్, అంటే పెట్రోలు నిలవ ఉన్నా పాడవకుండా కాపాడే మందు, కలపాలి. స్టా-బిల్, సీ ఫోమ్ లాంటివి ఏ షాపులోనైనా దొరుకుతాయి, ఎంత కలపాలో సీసా మీదే ఉంటుంది. కలిపాక బయట పది పదిహేను నిమిషాలు బండి నడపాలి. లేకపోతే మందు ట్యాంకులోనే ఉండిపోతుంది, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లలో, కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలే మిగులుతుంది. కార్బ్యురేటర్ బండి అయితే నేను ఇంకో పని కూడా చేస్తాను. పెట్రోలు నాబ్ ఆఫ్ చేసి, కార్బ్యురేటర్ కింద స్క్రూ వదులు చేసి దాని గిన్నెలో ఉన్న పెట్రోలు వంపేస్తాను.

ఆ చివరి రైడ్ నుంచి రాగానే, ఇంజన్ వేడిగా ఉండగానే ఆయిల్ మార్చండి. చాలామంది వసంతంలో మార్చుదాంలే అంటారు. నా మాట వినండి, ఇప్పుడే మార్చండి. వేసవంతా తిరిగిన ఆయిల్లో మంట వల్ల పుట్టిన ఆమ్లాలు, తేమ, మసి ఉంటాయి. అయిదు నెలలు బేరింగులు ఆ మురికిలో నానకూడదు. ఫిల్టర్ కూడా మార్చి, కొత్త ఆయిల్ లోపలంతా పాకేలా ఒక్కసారి స్టార్ట్ చేసి ఆపేయండి. అదే ఆఖరి స్టార్ట్. సిలిండర్లలో తుప్పు పట్టకుండా ఫాగింగ్ ఆయిల్ కొట్టాలా అని కొందరు అడుగుతారు. అయిదు నెలలకు అక్కర్లేదని నా అభిప్రాయం, ఏడాది దాటి ఉంచేవాళ్లకు అవసరం.

నీళ్లతో చల్లబడే ఇంజన్ అయితే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, చూసుకోండి. గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ట్రాక్ మీద నడపడానికి ఎవరైనా ఉత్త నీళ్లు పోసి ఉంటే ఈ రోజే తీసేయండి. నీరు గడ్డకడితే 9 శాతం దాకా పెరుగుతుంది, ఇంజన్ బ్లాక్‌ను చీల్చేస్తుంది.

బ్యాటరీ దగ్గర కాసేపు ఆగాలి. ఇంజన్ ఆపేసినా గడియారం, అలారం, కంప్యూటర్ బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగుతూనే ఉంటాయి. నిండుగా ఛార్జి ఉన్న మామూలు బ్యాటరీలో యాసిడ్ చిక్కగా ఉంటుంది, మైనస్ 50లో కూడా గడ్డకట్టదు. ఛార్జి దిగిపోయిన బ్యాటరీలో యాసిడ్ పల్చబడి దాదాపు నీళ్లలా అవుతుంది, మైనస్ 10 రాకముందే గడ్డకట్టడం మొదలవుతుంది. ప్లేట్లు వంగుతాయి, డబ్బా పగులుతుంది. అందుకే బ్యాటరీని చలి చంపిందనడం కంటే, ఛార్జి లేకపోవడం వల్ల చచ్చిందనడమే సరైన మాట. మీటర్ పెడితే 12.6 నుంచి 12.8 వోల్టులు చూపించాలి. 12.4 అంటే అప్పటికే నాలుగో వంతు పోయినట్టు.

గరాజ్‌లో ప్లగ్ ఉంటే బ్యాటరీ మెయింటెయినర్ ఒకటి కొనుక్కోండి. నిండగానే అదే తగ్గించుకుంటుంది, తగ్గితే మళ్లీ అందుకుంటుంది. పాత రకం చవక ఛార్జర్లు ఆగకుండా కరెంటు పంపుతూనే ఉంటాయి, అవి నెలల తరబడి పెట్టేవి కావు. ప్లగ్ లేకపోతే బ్యాటరీ విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. సిమెంటు నేల మీద పెడితే ఛార్జి లాగేస్తుందని పెద్దవాళ్లు చెబుతారు, ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు. లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. దానికి దానికంటూ తయారు చేసిన ఛార్జరే వాడాలి, సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జి పెట్టకూడదు. వెచ్చటి గదిలోకి తెచ్చి, అది వెచ్చబడ్డాకే పెట్టండి.

ఇప్పుడు తలుపు సంగతి. ఇక్కడ చాలా ఇళ్లలో గరాజ్ ఇంటికి అతుక్కునే ఉంటుంది, పిల్లలు పడుకునే గది సరిగ్గా దాని పైన ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మూసిన గరాజ్‌లో కొద్ది నిమిషాలు తిప్పినా అది గోడల సందుల్లోంచి ఇంట్లోకి పాకుతుంది. తలుపు తీసి తిప్పినా పూర్తిగా నమ్మలేం. ఇంజన్ తిప్పాల్సి వస్తే బండిని బయటికి తోసి అక్కడే తిప్పండి, ఎంత చలిగా ఉన్నా సరే. ఇంట్లో దాన్ని పసిగట్టి అలారం మోగించే డిటెక్టర్ లేని వాళ్లు ఈ సాయంత్రం ఇంటికెళ్తూ ఒకటి కొనుక్కుని వెళ్లండి. దయచేసి రేపటికి వాయిదా వేయొద్దు. వారం వారం స్టార్ట్ చెయ్యొద్దని నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా కారణం. ఆ పది నిమిషాలు మా పిల్లలు పైన నిద్రపోతున్నారన్న సంగతి తర్వాత గుర్తొచ్చి చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఎలుకలు. మన దగ్గర గాదెలో ధాన్యానికి ఎలుకల బెడద ఎలాగో, ఇక్కడ చలికాలంలో బండికి అలాగ. బయట మంచు పడగానే చిట్టెలుకలు వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా వాటికి మంచి ఇల్లు, మెత్తటి పరుపు కూడా అందులోనే ఉంటుంది. ఒక చలికాలం మా గరాజ్‌లో పక్షులకు వేసే పొద్దుతిరుగుడు గింజల సంచి పెట్టాం. ఏప్రిల్‌లో సీటు తీస్తే దాని కింద గుప్పెళ్లకొద్దీ పొట్టు, ఫిల్టర్ సగం కొరికేసి గూడు, రెండు వైర్లు తెగి ఉన్నాయి. అప్పటి నుంచి గింజలు, కుక్క తిండి, బియ్యం మూట, ఏవీ గరాజ్‌లో ఉంచను, ఉంచినా మూత బిగుతుగా ఉన్న డబ్బాలోనే. సైలెన్సర్ చల్లారాక దాని నోట్లో, గాలి తీసుకునే గొట్టం నోట్లో స్టీలు పీచు కుక్కుతాను. కుక్కిన ప్రతిచోటా ఒక పొడవాటి ఎర్రగుడ్డ ముక్క బయటికి వేలాడేలా కట్టి, ఇంకొకటి హ్యాండిల్‌కు తాళం దగ్గర కడతాను. ఏప్రిల్‌లో ఉత్సాహంగా సెల్ఫ్ నొక్కేసేముందు ఆ ఎర్రగుడ్డ కళ్లబడాలి. నాఫ్తలిన్ ఉండలు కొంతమంది పెడతారు, నాకు వాటి మీద నమ్మకం లేదు. బోను పెట్టి వారానికోసారి చూసుకోవడమే నయం.

దాచే ముందు కడగడం మర్చిపోవద్దు. మొదటి మంచు పడగానే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు ఒక్కసారి తగిలినా అల్యూమినియం మీద తెల్లటి పొక్కులు వస్తాయి. ఉప్పు చల్లక ముందే చివరి రైడ్ ముగించండి. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చైన్‌ను కిరోసిన్‌తో తుడిచి లూబ్ పట్టించండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత నిండుగా పెట్టండి. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ దాకా పడిపోతుంది. స్టాండు మీద రెండు చక్రాలూ పైకి లేపి ఉంచగలిగితే మంచిదే, లేకపోతే టైర్ల కింద చెక్క ముక్క వేసి నెలకోసారి చక్రాన్ని కాస్త తిప్పి ఉంచండి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పకండి, లోపలి తేమ బయటికి పోక బండి చెమటలు పడుతుంది. పాత నూలు దుప్పటి దానికంటే వెయ్యి రెట్లు మేలు. వాసెన గుడ్డతోనే ఎందుకు కడతారో మీకు తెలుసు కదా.

ఇన్సూరెన్స్ పూర్తిగా రద్దు చేసుకోకండి. నాలుగు డాలర్లు మిగులుతాయని ఆశ పడితే, గరాజ్‌లోంచి దొంగతనమో అగ్ని ప్రమాదమో జరిగినప్పుడు ఏమీ రాదు. చలికాలానికి రోడ్డు కవరేజీ తగ్గించి దొంగతనం, అగ్ని మాత్రం ఉంచే ఏర్పాటు కొన్ని కంపెనీల్లో ఉంటుంది, అడగండి. బండి మీద లోన్ ఉన్నవాళ్లు ముందు బ్యాంకు షరతులు చూసుకోండి.

మీ ప్రశ్నలేమన్నా ఉంటే అడగండి.

(అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న ఒక అమ్మాయి, గరాజ్ లేకపోతే ఏం చెయ్యాలని అడిగారు.)

అమ్మా, ముందుగా మన వాళ్లలో ఎవరి గరాజ్‌లోనన్నా ఒక మూల అడుగు, బండికి పట్టే చోటు ఎంతని? మా ఇంట్లోనే ఇంకొకదానికి చోటుంది. కుదరకపోతే ఈ చుట్టుపక్కల డీలర్లు కొందరు చలికాలానికి డబ్బు తీసుకుని ఉంచుకుంటారు, అక్టోబరులోనే చోటు నిండిపోతుంది, ఆలస్యం చెయ్యొద్దు. ఇంట్లోకి, బాల్కనీలోకి మాత్రం తేవద్దు, పెట్రోలుతో అగ్ని ప్రమాదం. బయటే ఉంచక తప్పకపోతే బ్యాటరీ విప్పి పైకి తెచ్చుకో, గాలి ఆడే కవర్ గట్టిగా కట్టు, పార్కింగ్‌లో మంచు తోసే ట్రక్కులు ఎక్కడ కుప్ప పోస్తాయో చూసి ఆ మూలకు దూరంగా పెట్టు. ఆ కుప్పలో ఉప్పంతా ఉంటుంది.

(ఏప్రిల్‌లో తీసేటప్పుడు ఏం చూసుకోవాలని ఇంకొకరు అడిగారు.)

ముందు ఎర్రగుడ్డలు. తర్వాత బ్యాటరీ, టైర్లలో గాలి, బ్రేకులు. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్పించండి. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చు. స్టార్ట్ చెయ్యకుండానే గేర్ వేసి, క్లచ్ పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపితే విడిపోతాయి. రోడ్డెక్కాక మలుపుల దగ్గర చలికాలపు ఇసుక ఇంకా ఉంటుంది. ఒక మంచి వాన పడి, మున్సిపాలిటీ వాళ్లు రోడ్లు ఊడ్చేదాకా ఆగండి. కార్లు నడిపేవాళ్లు అయిదు నెలలుగా బండిని చూసి ఉండరు, మీరు కళ్లెదుట ఉన్నా వాళ్లకు కనబడరు.

(ఖమ్మంలో నాన్నగారి బండి ఏడాదిగా ఇంట్లో ఊరికే ఉందని, తమ్ముడు వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాడని ఒకాయన చెప్పారు.)

ఇప్పుడే ఫోన్ చేసి ఆపమనండి. అక్కడ చలి లేదు గానీ వానాకాలం తేమ తక్కువేం కాదు. ఇప్పుడు మన దేశంలో బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, తేమ పీల్చే గుణం ఇంకా ఎక్కువ. తమ్ముడికి లైసెన్సు ఉండి, బండికి ఇన్సూరెన్స్ నడుస్తుంటే, పదిరోజులకోసారి పది పదిహేను కిలోమీటర్లు నడిపి రమ్మనండి. ఇంజన్ బాగా కాలాలి. అలా నడపడం కుదరదంటే పెట్రోలు తీయించి, బ్యాటరీ విప్పించి, దుప్పటి కప్పి ఇక ముట్టుకోవద్దని చెప్పండి. నడిపితే పూర్తిగా నడపాలి, లేదంటే పూర్తిగా పడుకోబెట్టాలి. నాన్నగారి బండి అన్నారు కాబట్టి ఒక మాట. దాని చప్పుడు వినాలని ఇంట్లో వాళ్లకు ఉంటుంది, మా అమ్మకూ మా స్కూటర్ విషయంలో అలాగే ఉండేది. తమ్ముణ్ణి అమ్మని వెనక కూర్చోబెట్టుకుని ఊరి చివరి దాకా తీసుకెళ్లి రమ్మనండి.

సరే, ఇంకో గంటలో చీకటి పడుతుంది. బయట నా బండి నిలబెట్టి ఉంది, ఇంజన్ ఇంకా వేడిగానే ఉంది. ఆయిల్ ఎలా తీయాలో, బ్యాటరీ ఎలా విప్పాలో మీ చేతే చేయిస్తాను. ఆ బల్ల మీద ఉన్న పది నంబరు స్పానర్, ఆయిల్ పళ్లెం ఎవరన్నా పట్టుకురండి.